మూడు గాట్ల పానా

ఆగస్టు 3, ఆదివారం

పోయిన కార్తీకంలో మూడో సోమవారం. మామూలు ఉదయమే అది. ఐదున్నరకు నల్లా వచ్చింది. రెండు డ్రమ్ములు నింపాను. స్నానం చేసి, దీపం పెట్టి, పంచాక్షరి చదువుకున్నాను. నాకు ఉపవాసం కాబట్టి తమ్ముడికీ, మరదలు విజయకే అన్నం పెట్టి, టమాట పచ్చడి నూరాను. విజయ అప్పటికే గడప దగ్గర కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తోంది. ఆ కట్ట పదింటికల్లా మార్కెట్ వాళ్లకు ఇచ్చేయాలి. చీరల రాళ్లపొడి ఆమె జుట్టు మీద మెరుస్తోంది. నరహరి చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. లుంగీ మోకాళ్ల పైకి పోయింది. సరిచేశాను. నా తమ్ముడు చిన్నప్పుడూ అట్లాగే పడుకునేవాడు, నలభై నాలుగేళ్లొచ్చినా అంతే. గదిలో వాసన కొట్టింది. కిటికీ తీశాను.

కింద ఊర్మిళాబెన్ పూలబుట్ట దించుతోంది. బంతిపూలు రెండింతలు అడిగాను. ఎందుకమ్మా ఇన్ని అన్నది. తాపి నదికి పోతున్నానన్నాను. కార్తీక సోమవారం నేను తాపిలో దీపం వదలడం ఈ నవాగామ్ గల్లీలో అందరికీ తెలిసిందే. ఇంకేమీ అడగలేదు.

ఆటో అబ్బాయి సంచి ఎత్తబోయి, "క్యా హై మాసీ, ఇత్నా భారీ?" అన్నాడు.

"భగవాన్ కా సామాన్."

వంతెన మధ్యలో ఆపించాను. అబ్బాయి చెప్పులు విప్పి వచ్చి, తనూ ఒక చెయ్యి వేశాడు. నీళ్లు ఆ రోజు బురద రంగులో ఉన్నాయి. తిరిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పచ్చడిలో ఉప్పు తక్కువైందని విజయ అంది. కలిపాను.

ఇదంతా ఇన్నాళ్లకు ఎందుకు రాస్తున్నానంటే, ఈ రోజు నరహరి అడిగాడు. "అక్కా, బావ పెట్టె యాడుంది?"

చూస్తానన్నాను.

ఆగస్టు 4, సోమవారం

పరుశురాం వచ్చాడు. మా ఆయన, నరహరి, ఈ పరుశురాం ముగ్గురూ ఒకే కార్ఖానాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినవాళ్లు. ఆయన పోయి నాలుగేళ్లు. కార్ఖానా పోయి ఏడాదిన్నర. సేఠ్ సాంచాలన్నీ తూకానికి అమ్మేసి స్థలం అద్దెకిచ్చుకున్నాడు. పరుశురాం వెంటనే వేరేచోట కుదురుకున్నాడు. నరహరి కుదురుకోలేదు.

పరుశురాం నోరు ఊరుకోదు. "పద్మక్కా, నీ తమ్ముడు మళ్ల మనిషైండు, చూసినవా? మొకం మీద మెరుపొచ్చింది. పెండ్లి చేద్దామా మళ్ల?"

"ఉన్నదానితోనే సరిపోతలేదు" అన్నాడు నరహరి.

"నాకూ సరిపోతలేదు" అంది విజయ లోపలినుంచి.

చాలా రోజులకు ఈ ఇంట్లో నవ్వు విన్నాను.

బార్డోలీ రోడ్డులో కొత్త యూనిట్. కొత్తరకం మిషన్లు. పరుశురాం మాట చెప్పాడు, వాళ్లు ఒప్పుకున్నారు. సెప్టెంబరు ఒకటి నుంచి. "కాని ఒక్క మాట నరహరీ. అక్కడ మిషన్లు బాగుజేసే మాస్టర్ తన సామాను తనే తెచ్చుకోవాలె. ఒట్టి చేతులతోని పోతివా, గేటు కాడికెల్లే వాపస్."

"బావ పెట్టె ఉన్నది గద" అన్నాడు నరహరి.

నేను చాయ్ గిన్నె దించడానికి లేచాను.

ఆగస్టు 5, మంగళవారం

వెతుకుతున్నాడు. మంచం కింద, అటక మీద, మెట్ల కింద.

పెట్టె తాపిలో ఉంది. నేనే వేశాను. ఇక్కడ రాసుకోవడానికి భయమేమిటి.

ముప్పై ఒక్క దసరాలు ఆ పెట్టెకు నా చేతులతో పసుపు, కుంకుమ పెట్టాను. ఆయన ప్రతి పానా తుడిచి వరుసగా పేర్చేవాడు. జమ్మి ఆకు నేను అడుగున వేసేదాన్ని. పాత ఆకులు తియ్యనిచ్చేవాడు కాదు. పొడి పొడిగా అడుగున అట్లాగే ఉండేవి. పూజలందుకున్న ఇనుము అది. పోయిన ఏడాది నరహరి దాన్ని పాత ఇనుము కొనే భంగార్ దుకాణానికి మోయడం మొదలుపెట్టాడు. ముందు సుత్తి పోయింది. నేను వెనకే వెళ్లి దుకాణంవాడికి చెప్పి తెచ్చుకున్నాను. మర్నాడు కార్తీక సోమవారం. పాత పటాలను, విరిగిన విగ్రహాలను ఏం చేస్తాం? చెత్తలో వెయ్యం. తూకానికి అమ్మం. పారే నీటికి ఇస్తాం. నేనూ అదే చేశాను. సుత్తితో సహా పెట్టెలో సర్ది, పూలు వేసి, తాళం వేసి.

తాళం చెవి మాత్రం ఉంచుకున్నాను. ఎందుకో తెలియదు. మార్కండేయస్వామి పటం వెనక ఉంది.

ఆగస్టు 7, గురువారం

పొద్దున విజయ కట్ట ఇచ్చి రావడానికి వెళ్లింది. నేను బియ్యం ఏరుతున్నాను. నరహరి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. 

"అక్కా, నేనే అమ్ముకున్న."

"ఏంది?"

"బావ పెట్టె. నేనే అమ్ముకొని తాగిన. నాకు యాదికి వస్తలేదు. నాలుగు భంగార్ దుకాణాలు తిరిగిన, ఎవ్వడు చెప్తలేడు. గని సుత్తె అమ్మినోన్ని, పెట్టె అమ్మకుంట ఉంటనా?"

నా పాదాల మీద తల పెట్టాడు. వాడి నడినెత్తిన జుట్టు పలచబడింది. ఎప్పుడు పలచబడిందో నేను చూడలేదు.

"నాకు పని నేర్పిన పెట్టె అక్కా అది. నేను మనిషినేనా?"

పోనీలే అన్నాను. పోనీలే అనడం అబద్ధం కాదు.

ఆగస్టు 8, శుక్రవారం

విజయ వరలక్ష్మి పూజ చేసుకుంది. పటాలన్నీ దించి, దేవుడి అర తుడిచి, మళ్లీ పేర్చింది. నేను వంటింట్లో పూర్ణాలు చేస్తున్నాను. మధ్యలో ఒకసారి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఏం కావాలన్నాను. ఏం లేదు వదినా అంది.

ఆగస్టు 9, శనివారం

నూలు పున్నమి. మార్కండేయ గుడిలో మగవాళ్లు జంధ్యాలు మార్చుకున్నారు. నరహరి కూడా మార్చుకున్నాడు. పోయిన ఏడాది గుడి మెట్లు ఎక్కలేదు.

ఇంటికొచ్చాక రాఖీ కట్టాను. బొట్టు పెట్టి, నోట్లో లడ్డు పెట్టాను. వాడు జేబు తడుముకోలేదు. చెయ్యి చాచి అట్లాగే ఉంచాడు.

"ఈసారి నీకు చీర లేదు, పైసల్లేవు. ఒక్కటి ఇస్త. బావ పెట్టెల ఏమేం ఉండెనో అన్ని మళ్ల తెస్త. ఒక్కటొక్కటి. పెట్టె నిండినంక నీ చేతుల పెట్టి, గా దినం పనికి పోత."

"నీ పనికి కావలసినవి కొనుక్కో చాలు" అన్నాను.

"చాలదు."

విజయ నన్ను చూస్తోంది. పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లాను.

ఆగస్టు 10, ఆదివారం

ఉగాది నుంచి వాడు ముట్టలేదు. ఈ రాష్ట్రంలో మద్యనిషేధం, మందు దొరకదంటారు. కావాలనుకున్నవాడికి రైలు పట్టాల అవతల ప్లాస్టిక్ పొట్లాలు ఎప్పుడూ దొరికాయి. అయినా ముట్టలేదు. ఇప్పుడు ఈ తప్పు ఒకటి మెడలో వేసుకున్నాడు. ఆ బరువుంటే ఇంక జన్మలో ముట్టడు. ఒక రకంగా మేలుకే జరిగింది.

ఆగస్టు 16, శనివారం

చౌక్ దగ్గర శనివారం బజారుకు వెళ్లొచ్చాడు. సంచి నేల మీద బోర్లించాడు. ఏడు పానాలు, పటకారులాంటి పక్కడ్ ఒకటి, పిడి లేని పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవరు, ఆకురాయి. అన్నీ పాతవి, ఎవరెవరివో. కొత్తవి కొనొచ్చు కదా అంటే, "కొత్తది చేతికి పట్టది అక్కా. ఎవరో ఒకరు పట్టి పట్టి నున్నగ చేసిందే మంచిగుంటది" అన్నాడు. ఆయనా ఇదే మాట అనేవాడు.

మధ్యాహ్నమంతా కిరసనాయిలులో నానబెట్టి తోముతూ కూర్చున్నాడు. విజయ తన దారాల పని పక్కన పెట్టి పాత చీర చింపి తుడుపు గుడ్డలు చేసిచ్చింది. ఇద్దరూ పెళ్లైన కొత్తలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు.

"ఇది దేనికి?"

"బోల్టుకు."

"అన్ని బోల్టుకే అంటవ్."

"అన్ని బోల్టుకేనే పిచ్చిదానా."

ప్రతిదాని మీద ఆకురాయితో మూడు గాట్లు పెట్టాడు. ఆయన గుర్తు అది. "ఒకటి నాకు, ఒకటి పద్మకు, ఒకటి సేఠ్‌కు" అనేవాడు ఆయన. సేఠ్ గాటు మిగతా రెండింటికంటే చిన్నగా కొట్టేవాడు, అది మా ఇంటి నవ్వు. నరహరి కూడా మూడోది చిన్నగా కొట్టాడు. కొట్టి నావైపు చూసి నవ్వాడు.

నేనూ నవ్వాను.

ఆగస్టు 18, సోమవారం

ఉపవాసం. మేలుకే జరిగింది.

ఆగస్టు 23, శనివారం

ఈ రోజు ఇనుప పెట్టె కూడా దొరికింది. ఆకుపచ్చ రంగు. ఆయనది నీలం.

పరుశురాం వచ్చి పెట్టెలోకి తొంగి చూసి పగలబడి నవ్వాడు. "ఏందిరా ఇది, మ్యూజియమా? కొత్త మిషన్‌కు గీ పానాలు సగం ఎక్కయి. ఎల్‌ కీలు కావాలె. సన్న గేజీలు కావాలె. గీ సుత్తె తీస్కపోతే ఇంజనీరు భయపడి పారిపోతడు."

"ఎల్‌ కీలు గూడ తెచ్చిన. అడుగున ఉన్నయ్."

"మరి గివెందుకు?"

నరహరి సుత్తె తీసి మళ్లీ పెట్టెలో సర్దాడు. నేను పరుశురాంకు చాయ్ ఇచ్చాను.

అంటే నీళ్లలో వేసినవాటిలో సగం ఇప్పుడు ఎందుకూ పనికిరానివే. ఇది తెలిసి మనసు తేలికపడాలి. పడలేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఇంకొక్కటే మిగిలింది, వంకర పానా. సాంచా కింద ఒక బోల్టు ఉంటుంది, నేరుగా ఉన్న పానా దానికి అందదు. ఆయన పెళ్లికి ముందే ఒక పానాను కొలిమిలో కాల్చి వంచుకున్నాడు. బజారులో అట్లాంటిది దొరకదు. ఎవరి చేతికి తగ్గట్టు వారు వంచుకోవాలి.

నరహరి గ్యాసు పొయ్యి మీద పానా పెట్టాడు. విజయ అరిచింది, బర్నరు పాడవుతుందని. ఎర్రబడ్డాక పక్కడ్‌తో పట్టి, గుమ్మం రాతికి ఆనించి, రెండు దెబ్బలు కొట్టి ఆగాడు.

"అక్కా, బావది ఎంత వంకరుండె? ఇంతనా?"

"ఇంకొంచెం."

"ఇంతనా?"

ముప్పై ఒక్కసార్లు దానికి బొట్టు పెట్టిన చెయ్యి నాది. కళ్లు మూసుకుని గాలిలో వేలు వంచి చూపించాను. నా వేలును చూస్తూ వాడు కొట్టాడు. చల్లారాక నా చేతిలో పెట్టాడు. అచ్చం అట్లాగే ఉంది.

"నీకు ఇంత మంచిగ యాదికున్నదా అక్కా!" అన్నాడు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు.

చేతిలో పానా ఇంకా వేడిగానే ఉంది. కింద పెట్టలేదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయకుడికి పూజ. పెట్టెను కూడా విగ్రహం పక్కన పెట్టాలని నరహరి ముచ్చటపడ్డాడు. దసరాకు కదా అన్నాను. దసరా దాకా ఆగలేనన్నాడు. పెట్టించాను. పసుపు, కుంకుమ నన్నే పెట్టమన్నాడు. విజయను పెట్టమన్నాను. నరహరి వినలేదు.

కుంకుమ కొంచెం నేల మీద పడింది. వయసు.

ఆగస్టు 30, శనివారం

ఎలా రాయాలి.

సామానంతా కుదిరింది, సోమవారం పనిలో చేరాలి. ఊరికే ఒకసారి చూసొస్తానని బజారుకు వెళ్లాడు. రెండు గంటలకు వచ్చాడు. చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి, రుమాలు విప్పి, నా ముందు పెట్టాడు.

వంకర పానా. తుప్పు పట్టి పెచ్చులు లేచింది. రింగు లోపల బురద గట్టిపడి ఉంది. గొంతు దగ్గర మూడు గాట్లు. మూడోది చిన్నది.

"బావది" అన్నాడు.

విజయ చేతిలో కత్తెర ఆగిపోయింది.

అమ్మేవాడిని అడిగాడట. వంతెన కింద తాడుకు అయస్కాంతం కట్టి తాపిలోంచి చిల్లర పైసలు తీసేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఎండాకాలంలో ఒక పెట్టె దొరికిందట. పగలగొట్టి ఇనుమంతా ఒక్కో వారం తెచ్చి అమ్ముకున్నారట. వంకరగా ఉందని దీన్ని ఎవరూ కొనలేదు.

"అమ్ముకోలే అక్కా నేను. తాపిల పారేసిన. తాగిన మత్తుల మోసుకపోయి పారేసినట్టున్న." గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అమ్మితే ఆకలికి అమ్మిండు అంటరు. పారేసినోన్ని ఏమంటరు?"

విజయ నీళ్ల చెంబు వాడి ముందు పెట్టింది. చెంబు అందుకోకుండానే మళ్లీ అన్నాడు.

"పెట్టెకు తాళం వేసున్నదంట. పగలగొట్టి తీసిండ్రంట. తాగినోడు తాళమెట్ల వేసిండో అర్థమైతలే."

విజయ నన్ను చూసింది. నేను పానాను చూస్తున్నాను.

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను. "అన్నం తిను" అన్నాను.

ఆగస్టు 31, ఆదివారం

తినలేదు. పాత పానా, కొత్త పానా పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాడు. వంపు ఒక్కటే.

చేరాక, పనిలో పడ్డాక నెమ్మదిగా చెబుతాను. ఇప్పుడు చెబితే మనసు చెదిరి పని పోతుంది. ముందు చేరనీ.

సెప్టెంబరు 1, సోమవారం

చేరలేదు.

పొద్దున ఆరింటికి స్నానం చేసి, చొక్కా వేసుకుని, పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ దించాడు. "నేను ఏం జేస్తనో నాకే ఎరుకలేదు అక్కా. ఈ చేతులకు లక్షల మిషన్ ఎవడు అప్పజెప్తడు? తాళమేసి మరీ పారేసినోన్ని." చొక్కా విప్పి పడుకున్నాడు, గోడవైపు తిరిగి.

సాయంత్రం పరుశురాం వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "నా మొకం చూసి పని ఇచ్చిండ్రు పద్మక్కా. జర ఆగి వస్తడు, జ్వరమున్నది అని అబద్ధమాడిన. వచ్చే సోమారం దాక ఆగుతరు. గంతే."

సెప్టెంబరు 2, మంగళవారం

మధ్యాహ్నం పట్టాల వైపు నుంచి వచ్చాడు. నడక చూడగానే తెలిసింది. విజయ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది. వాడు లోపలికొచ్చి చాప పరుచుకున్నాడు. ఐదు నెలల తర్వాత గదిలో మళ్లీ ఆ వాసన.

కిటికీ తీశాను.

విజయ నా వెనక వచ్చి నిలబడి, మెల్లగా అంది. "ఇంక ఎన్ని దినాలు వదినా?"

ఏం అడుగుతోందో అర్థం కాలేదు.

అర్థమైంది.

సెప్టెంబరు 3, బుధవారం

పంచాక్షరి వెయ్యిసార్లు అనుకుని కూర్చున్నాను. మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ తప్పింది.

దేవుడికి ఇచ్చాను అనుకుంటూ వచ్చాను. దేవుడు అడిగాడా? ఆ సోమవారం ఆటోలో కూర్చుని నేను ఏమనుకున్నానో నాకు గుర్తుంది. ఇంక వీడు పనికి రాడు, వీడికి ఈ పెట్టెతో పనిలేదు అనుకున్నాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. మనసు శాంతిగా ఉంది. ఆ శాంతిని నేను దేవుడిచ్చాడనుకున్నాను.

అమ్మ పోయేటప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. నా చేతిలో పెట్టి పోయింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

పొద్దున స్నానం చేసి దీపం పెట్టాను. పటం వెనకనుంచి తాళం చెవి తీశాను. నరహరి లేచి మొహం కడుక్కుని వచ్చాడు. నిన్న ముట్టలేదు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చెయ్యి పట్టమన్నాను. ప్రసాదమనుకుని రెండు చేతులూ పట్టాడు.

చెవి పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడిదో తెలియడానికి కొంత సమయం పట్టింది. తెలిశాక వాడి మొహం నేను చూడలేదు, చేతులనే చూశాను. ముడుచుకోలేదు. అట్లాగే చాచి ఉన్నాయి.

"పెట్టెను తాపిలో వేసింది నేను."

"ఎప్పుడు?"

"కార్తీకంలో. మూడో సోమవారం. నువ్వు పండుకొని ఉన్నవ్."

"అప్పటికి నేను సుత్తె ఒక్కటే అమ్మిన."

"అవును. అదీ నేను తెచ్చి పెట్టెలో పెట్టిన."

"అంటే, నేను అమ్మలే."

"అమ్మలే."

"పారెయ్యలే."

"లేదు నాయినా."

కూర్చున్నాడు.  కింద ఊర్మిళాబెన్ ఎవరితోనో పూల బేరం ఆడుతున్న మాటలు ఒక్కొక్కటీ వినబడ్డాయి. నెల రోజులు వాడు దేన్ని మోశాడో, ఇప్పుడు దించి చూసుకుంటున్నాడనుకుంటాను.

"నీ కాళ్ల మీద పడ్డ గదక్కా" అన్నాడు. "అప్పుడు గూడ చెప్పలే."

చెప్పలేదు.

"రాఖీ కట్టినవ్."

కట్టాను.

తర్వాత మెల్లగా అన్నాడు. అది ప్రశ్న కాదు. "నేను ఇగ పనికి రాను అనుకున్నవ్ నువ్వు."

కాదు, పూజ చేసిన ఇనుము భంగార్‌కు పోకూడదని అన్నానే అనుకో, అది కూడా నిజమే. ఆ మాట నాలుక మీదకు వచ్చింది కూడా. వాడి మొహం చూశాను.

"అవును" అన్నాను.

తల ఊపాడు. నేను చెప్పేది తనకు ముందే తెలిసినట్టు ఊపాడు. లేచి చెప్పులేసుకుని వెళ్లాడు. విజయ గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చింది. "పట్టాల దిక్కు పోతలేడు. గుడి దిక్కు పోతున్నడు" అంది.

ఆమెతో అన్నాను, "నీకు తెలుసు."

"లక్ష్మి పూజనాడు అర తుడుస్తుంటె చెవి దొరికింది వదినా."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తరని."

కత్తెర తీసుకుని పనిలో కూర్చుంది. ఆమెకు నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

సాయంత్రం

నాలుగింటికి తిరిగొచ్చాడు. పరుశురాంను వెంటబెట్టుకొచ్చాడు. విజయను కూర్చోమన్నాడు, నన్నూ కూర్చోమన్నాడు. మామూలుగా ఇంట్లో ఏదైనా అనుకోవాలంటే నా చాప చుట్టూ చేరేవాళ్లు. ఈ రోజు వాడు గుమ్మం పక్కన కూర్చున్నాడు, మేం అటు జరిగాం.

పరుశురాంకు ఏం చెప్పాడో తెలియదు. అతను నన్ను పలకరించాడు కానీ ఏ పరిహాసమూ ఆడలేదు.

అనుకున్నవి ఇవి. నరహరి సోమవారం చేరతాడు. పరుశురాం తన బండి మీద తీసుకెళతాడు, మొదటి నెల. నెలకోసారి నరహరి, పరుశురాం ఇద్దరూ గుడిలో కూర్చునే మందు మానినవాళ్ల గుంపుకు వెళతారు. విజయ దారాల పని సగానికి తగ్గించుకుంటుంది. నేను ఎప్పటిలాగే ఇక్కడే ఉంటాను. ఈ చివరి మాట విజయ అంది. నరహరి కాదనలేదు.

ఆ తర్వాత పెట్టె సంగతి. పెట్టె ఇంటికి రాదు. కార్ఖానాలోనే తన అల్మారాలో ఉంటుంది. ఒక తాళం చెవి వాడి దగ్గర, ఒకటి విజయ దగ్గర. ఆయన వంకర పానా కొత్త మిషన్‌కు ఎక్కదు. అయినా తోమి, నూనె రాసి, అదే పెట్టెలో పెట్టుకుంటాడు. రెండోది, నా వేలు చూసి వంచినది, పరుశురాంకు ఇచ్చేశాడు.

దసరా పూజ కూడా అక్కడే. ఇంట్లో ఉండదు.

నేను అడగాలనుకోలేదు. నోట్లోంచి వచ్చింది. "జమ్మి ఆకో?"

నరహరి కొంచెంసేపు చేతులు చూసుకున్నాడు.

"తే" అన్నాడు. "తెచ్చి విజయ చేతికియ్యి."